గిరాకీ పోయేది రేటు దగ్గర కాదు, కౌంటర్ దగ్గర

వ్యాపారులు నలుగురు కలిసిన చోట ఈమధ్య ఒక మాట తరచూ వినిపిస్తోంది. జనం చేతిలో డబ్బు ఆడటం లేదు, ఇలాంటప్పుడు కస్టమర్‌కి కనిపించేది రేటు ఒక్కటే, పది రూపాయలు తక్కువంటే పక్క వీధికి పోతాడు, నమ్మకంగా మన కొట్టుకే వచ్చే రోజులు పోయాయి అని. దీని వెనకే రెండో మాట వస్తుంది. ఓపికగా చూపించడం, కూర్చోబెట్టి మంచినీళ్లివ్వడం, తేడా వస్తే మార్చి ఇవ్వడం, ఇవన్నీ వ్యాపారం బాగున్న రోజుల సంగతులు, ఇప్పుడు మనుషుల్ని తగ్గించుకుని ఆ మిగిలిన డబ్బుతో డిస్కౌంట్ బోర్డు పెద్దది చెయ్యి అని. సలహాలిచ్చే కన్సల్టెంట్లు దీన్నే అంకెల్లో పెట్టి చెబుతారు. వ్యాపార పేజీలు అచ్చు వేస్తాయి. చివరికి కొట్టు యజమాని కూడా ఇది తన అనుభవంలో తేలిన నిజమే అనుకుంటాడు.

ఈ వాదన తప్పని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఇది కాగితం మీద ఉండిపోయే తప్పయితే ఇంతగా పట్టించుకోనక్కర్లేదు. దీన్ని నమ్మి కొట్లు నడిపేవాళ్ల వల్ల కొనేవాళ్లు నష్టపోతున్నారు, అమ్మే పిల్లలు నలిగిపోతున్నారు, ఆఖరికి ఆ కొట్లే మూతపడుతున్నాయి. అందుకే పట్టించుకోవాలి.

ముందు అవతలివాళ్ల మాటలో ఉన్న నిజం ఒప్పుకుందాం. డబ్బు తగ్గితే రేటు మీద చూపు పెరుగుతుంది. 2024 అక్టోబరులో మన దేశంలో ఆహార పదార్థాల ద్రవ్యోల్బణం 10.87 శాతానికి వెళ్లింది. ఆ నెల వంటింటి లెక్క చూసుకున్న ఏ ఇల్లాలికైనా ఆ అంకె చెప్పక్కర్లేదు. ఉల్లిపాయలు, టమాటాలు, నూనె అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. లీటరు ప్యాకెట్టు కొనేవాళ్లు అర లీటరుకు దిగారు. పెద్ద షాంపూ సీసా మానేసి సాచెట్ల దండ తీసుకున్నారు. బ్రాండు పప్పు వదిలి విడి పప్పు తూయించుకున్నారు. ఇవన్నీ నిజాలే. అయితే ‘రేటు జాగ్రత్తగా చూస్తారు’ అన్న దగ్గర్నుంచి ‘రేటు మాత్రమే చూస్తారు’ అన్న దగ్గరికి ఒక్క గంతులో దూకేస్తున్నారు. తప్పంతా ఆ గంతులోనే ఉంది.

చేతిలో డబ్బు బిగుసుకుపోయినప్పుడు మనిషికి పెరిగే మొదటి భయం మోసపోతానేమోనని. ఖర్చు ఎక్కువైపోతుందేమో అన్నది ఆ తర్వాతి భయం. నెలకు రెండు లక్షలు సంపాదించే ఇంట్లో మూడు వేల చీర రంగు దిగితే కాసేపు చిరాకు పడతారు, పనమ్మాయికి ఇచ్చేస్తారు, మర్చిపోతారు. చీటీ పాటలో మిగిలిన మూడు వేలు పట్టుకుని ఆడపడుచు కూతురి పెళ్లికి చీర కొనడానికి వచ్చిన మనిషికి అదే చీర రంగు దిగిందనుకోండి, ఆవిడకి రెండో చీర లేదు. ఆ పరువు నష్టం పూడ్చుకునే దారి కూడా లేదు. కొనేవాళ్లు ఎంత ఇబ్బందిలో ఉంటే పొరపాటు ఖరీదు అంత ఎక్కువ. కాబట్టి ఆవిడ వెతుక్కునేది పొరపాటు జరగని చోటు. అది రేటు చీటీ మీద రాసి ఉండదు. అమ్మే మనిషి నోట్లో, తూకం వేసే కాటాలో, బాగాలేదని తిరిగి తెచ్చినప్పుడు కౌంటర్ దగ్గర కూర్చున్నవాడి ముఖంలో తెలుస్తుంది.

ఆషాఢం సేల్ రోజుల్లో కోస్తా జిల్లాల్లోని ఏ ఊరి మెయిన్ రోడ్డులోనైనా ఒక పెద్ద బట్టల షోరూమ్‌లోకి వెళ్లి, చీరల సెక్షన్‌లో అరగంట నిలబడి చూడండి. నేను పోయినేడాది చూసింది చెబుతాను. యాభై దాటిన ఒకావిడ, వెంట కోడలు. పర్సు తీసి లెక్క చూసుకుని, మళ్లీ లోపల పెట్టుకున్నారు. కౌంటర్‌కి అవతల ఇరవై రెండేళ్లుండే అమ్మాయి. ఆవిడ ఒక ముదురు మెరూన్ చీర పట్టుకున్నారు. 40 శాతం తగ్గింపు అని ట్యాగు వేలాడుతోంది. అమ్మాయి అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, “అమ్మా, ఇది మొదటి ఉతుకులోనే దిగుతుందమ్మా. తెల్ల జాకెట్టు మీద వేశారంటే అంటుకుంటుంది. దీనికంటే రెండొందలు ఎక్కువైనా ఈ ఆకుపచ్చది తీసుకోండి, అంచు కూడా గట్టిగా ఉంది” అంది. ఆవిడ ఆ పిల్ల ముఖం వైపు ఒకసారి చూసి, ఆకుపచ్చ చీర ఇచ్చెయ్యమన్నారు. రెండొందలు ఎక్కువ పెట్టి. బిల్లు వేయించుకుని వెళ్తూ వెనక్కి తిరిగి, “నీ పేరేంటి తల్లీ? శ్రావణంలో మళ్లీ వస్తాను, ఏ రోజు ఉంటావు?” అని అడిగారు.

రేటు ఒక్కటే చూస్తారన్న వాదనలో ఆ ప్రశ్నకు చోటు లేదు. కష్టకాలంలో ఉన్న మనిషి, 40 శాతం బోర్డు కళ్లెదుట ఉండగా, రెండొందలు ఎక్కువ ఇచ్చి, మళ్లీ ఎప్పుడు రావాలో అడిగి వెళ్లింది. షోరూమ్ పేరు మీద ఆవిడకి ప్రత్యేకమైన గౌరవమేమీ లేదు. ఆ పిల్ల ఉన్న రోజుకి రావాలనుకుంది. ఆ పిల్లకి ఆ నెల ఇచ్చిన టార్గెట్ ఏమిటో తర్వాత మాటల్లో తెలిసింది. పాత స్టాకు వదిలిస్తే ఇన్సెంటివ్, మెరూన్ చీర పాత స్టాకే. అంటే ఆవిడ డబ్బు కాపాడటానికి ఆ పిల్ల తన డబ్బు వదులుకుంది. షోరూమ్‌కి ఒక ఖాతాదారును సంపాదించిపెట్టింది షోరూమ్ పెట్టిన నియమాన్ని తప్పిన మనిషి. ఇన్సెంటివ్ లెక్కలు రాసే పెద్దలు ఈ సంగతి మీద ఒక్క పూట కూర్చుని ఆలోచించాలి.

నమ్మకం కష్టకాలంలో కరిగిపోతుందనే వాళ్లు మనకి నిన్నమొన్న జరిగిన రెండు సంఘటనల్ని ఎలా మర్చిపోయారో నాకు అర్థం కాదు. 2016 నవంబరు 8 రాత్రి ఐదొందలు, వెయ్యి నోట్లు చెల్లవన్నారు. చెలామణిలో ఉన్న డబ్బు విలువలో దాదాపు 86 శాతం ఒక్క ప్రకటనతో ఆగిపోయింది. ఏటీఎంల ముందు వరసలు కట్టిన ఆ వారాల్లో ఇళ్లల్లో పొయ్యి వెలిగింది ఎవరి వల్ల? వీధి చివర కిరాణా కొట్టాయన ‘చిల్లర వచ్చాకే ఇవ్వండి’ అని పద్దు రాసుకుని సరుకులు కట్టి ఇచ్చినందువల్ల. మళ్లీ 2020 మార్చిలో లాక్‌డౌన్. ఆ ఏడాది ఏప్రిల్, మే, జూన్ నెలల్లో దేశ ఉత్పత్తి అంతకు ముందు ఏడాది అవే నెలలతో పోలిస్తే దాదాపు నాలుగో వంతు పడిపోయింది. జీతాలు సగమైన ఇళ్లకి ఖాతా పెట్టింది కూడా ఆ చిన్న కొట్లే. వాట్సాప్‌లో చీటీ పంపితే సంచిలో సర్ది గేటు దగ్గర పెట్టి వెళ్లారు. ఆ రోజుల్లో వాళ్లు ప్రత్యేకంగా రేటు తగ్గించలేదు. చాలాచోట్ల సరుకు దొరక్క రేటు పెరిగింది కూడా. అయినా ఆ కొట్లని వదలని ఇళ్లు ఇప్పటికీ ప్రతి వీధిలో ఉన్నాయి. ఇబ్బందుల్లో ఆదుకున్న కొట్టు మీద కలిగే మమకారం, బాగున్న రోజుల్లో ఇచ్చిన డిస్కౌంట్ మీద ఏనాడూ కలగదు.

ఇక్కడ అవతలివాళ్లు తమ పెద్ద సాక్ష్యం బయటికి తీస్తారు. డీమార్ట్ సంగతి ఏమంటారు? అక్కడ మంచినీళ్లిచ్చేవాడు లేడు, అమ్మా అయ్యా అని పలకరించేవాడు లేడు, ఆదివారం బిల్లింగ్ వరస గుమ్మం దాకా ఉంటుంది. అయినా తెలుగు రాష్ట్రాల్లో ఊరూరా జనం విరగబడుతున్నారు. రేటు కాకపోతే మరేమిటి?

ఈ ప్రశ్న సరైనదే, దీనికి జవాబు చెప్పకుండా ముందుకు పోవడం తగదు. రాధాకిషన్ దమానీ 2002లో ముంబయి పొవాయ్‌లో మొదలుపెట్టిన ఈ కొట్లు 2025 మార్చి నాటికి నాలుగొందలు దాటాయి. రేటు తక్కువే. కానీ అక్కడికి వెళ్లే మధ్యతరగతి మనిషిని కదిపి చూడండి. ఏ వస్తువుకా వస్తువు అన్ని చోట్లకంటే తక్కువ రేటుకు దొరుకుతుందని లెక్కవేసి వెళ్లేవాళ్లు అరుదు. ‘అక్కడ ఎప్పుడు వెళ్లినా రేటు ఒకటే తీరుగా ఉంటుంది, ఆఫర్ కోసం తేదీలు చూసుకోనక్కర్లేదు, కావలసిన సరుకు రాక్‌లో ఉంటుంది’ అంటారు. శుక్రవారం కొంటే ఒక రేటు, శనివారం కొంటే ఇంకో రేటు అన్న బెంగ లేదు. ఎమ్మార్పీ కింద ఇంత తక్కువ అని చీటీ మీద ఉన్నదే బిల్లు మీద పడుతుంది. ఇది కొట్టు లోపల దొరికే అనుభవం కాకపోతే మరేమిటి? మోసపోనన్న ధీమాతో బయటికి రావడం. చిరునవ్వు ఆ ధీమాకి ఒక దారి, మారని రేటు ఇంకో దారి. సర్వీసంటే నమస్కారం పెట్టడం, ఏసీ వేయడం, పన్నీరు చల్లడం అనుకునేవాళ్లకే డీమార్ట్ ఎదురు సాక్ష్యంగా కనిపిస్తుంది.

నిజంగా రేటు ఒక్కటే గెలిపించేదైతే సుభిక్ష ఇవాళ ఎక్కడుండాలి? 1997లో చెన్నైలో పుట్టి, చుట్టుపక్కల అందరికంటే తక్కువ అన్న ఒక్క హామీ మీద దేశమంతటా 1,600 దాకా కొట్లు తెరిచింది. హైదరాబాద్ కాలనీల్లో కూడా పచ్చి కూరగాయల నుంచి మందుల దాకా అమ్మింది. 2009 మొదటి నెలల్లో కుప్పకూలింది. పడిపోవడానికి అసలు కారణం అప్పు మీద జరిపిన విస్తరణ, చేతిలో నగదు ఎండిపోవడం. జనం అలగడం వల్ల పడిపోయిందని నేను అనను. అయితే దాని చివరి నెలలు చూడాలి. రాక్‌లు ఖాళీ, జీతాలు రాని సిబ్బంది, అడిగితే ‘రాలేదు సార్’ అన్న ఒక్కటే జవాబు. బోర్డు మీద మాత్రం తక్కువ రేటు అలాగే ఉంది. ప్రపంచమంతా ఆర్థిక సంక్షోభంలో ఉన్న ఆ రోజుల్లో, రేటే సర్వస్వం అనుకుంటే, జనం ఎదురు చూసి అయినా అక్కడే కొని ఉండాలి. కొనలేదు. రెండు సార్లు ఉత్త చేతులతో వచ్చిన వాళ్లు మూడోసారి పక్క కిరాణాకి వెళ్లారు.

మనుషుల్ని తగ్గించుకోమనే సలహా ఎక్కడికి తీసుకెళుతుందో చూడాలంటే ఒక పెద్ద ఉదాహరణ అమెరికాలో ఉంది. సర్క్యూట్ సిటీ అని టీవీలు, ఆడియో సెట్లు, కంప్యూటర్లు అమ్మే గొలుసు కొట్లు. 2007 మార్చిలో ఒకే రోజు 3,400 మంది సేల్స్ సిబ్బందిని తీసేసింది. వాళ్లు చేసిన తప్పల్లా మార్కెట్లో నడిచే జీతం కంటే ఎక్కువ తీసుకోవడం. అంటే బాగా అనుభవం ఉన్నవాళ్లు, ఏ టీవీకి ఏ స్పీకరు సరిపోతుందో చెప్పగలిగినవాళ్లు. కావాలంటే కొన్ని వారాలయ్యాక తక్కువ జీతానికి మళ్లీ దరఖాస్తు పెట్టుకోమంది. 2008 నవంబరులో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. 2009 మార్చికల్లా చివరి కొట్టు మూసేసింది. అప్పులు దొరక్కపోవడం, పోటీ, ఇంకా చాలా కారణాలు ఉన్నాయి, అంతా ఆ ఒక్క నిర్ణయం మీదకి తోయడం న్యాయం కాదు. కానీ చేతిలో డబ్బు లేని ఏడాదిలో ఒక కుటుంబం అంత డబ్బు పోసి టీవీ కొనాలంటే, దాని గురించి తెలిసినవాడిని అడగాలి. అడగడానికి ఎవరూ లేని కొట్టుకి వెళ్లడం ఎందుకు? పెట్టె మీద రాసింది చదువుకోవడానికి ఆ కొట్టే అక్కర్లేదు.

అదే ప్రపంచ ఆర్థిక సంక్షోభంలో స్పెయిన్‌లో ఒక సూపర్‌మార్కెట్ సరిగ్గా ఎదురు దారి పట్టింది. పేరు మెర్కడోనా, వాలెన్సియా నుంచి నడుస్తుంది, యజమాని ఖువాన్ రోయిగ్. స్పెయిన్‌లో నిరుద్యోగం పెరుగుతూ పోయి 2013 నాటికి 26 శాతం దాటింది. ఇంతకంటే కష్టకాలం ఏముంటుంది? మెర్కడోనా రేట్లు తగ్గించింది, నిజమే. ఆ తగ్గించిన డబ్బు ఎక్కడ మిగిల్చిందన్నది ముఖ్యం. అక్కర్లేని రకాలు దాదాపు వెయ్యి రాక్‌ల నుంచి తీసేసింది. దుబారా ఎక్కడ జరుగుతోందో కొట్టులో పనిచేసేవాళ్లనే అడిగింది. సిబ్బందిలో ఒక్కరినీ తీసెయ్యలేదు. వాళ్లవి పర్మనెంట్ ఉద్యోగాలు, శిక్షణకి బాగా ఖర్చు పెడుతుంది. ఆ గడ్డు సంవత్సరాల్లో దాని మార్కెట్ వాటా పెరిగింది. ఎంఐటీలో బోధించే జేనెప్ టోన్ 2014లో రాసిన పుస్తకంలో ఈ కథంతా వివరంగా ఉంది. మంచి జీతాలకీ తక్కువ రేట్లకీ పొత్తు కుదరదనే వాళ్లు దాన్ని ఒకసారి చదవాలి. రేటు, మర్యాద రెండూ తక్కెడలో ఎదురెదురు పళ్లాలు అన్న భ్రమ ఆ పుస్తకంతో పోతుంది.

ఇక మన కొట్లలోకి వద్దాం. డబ్బు లేదని కస్టమర్లు వెళ్లిపోతున్నారని వాపోయే యజమాని ఒక రోజు తన గల్లాపెట్టె వెనక నుంచి లేచి, ఎవరికీ చెప్పకుండా తన కొట్టులోనే కొనడానికి వెళ్లాలి. గుమ్మం దగ్గర సంచి లాక్కుని టోకెన్ ఇస్తారు. లోపల ఏ వస్తువు ఎక్కడుందో చెప్పేవాళ్లు ఉండరు. ఉన్న ఒక్క కుర్రాడు సరుకు సర్దుకుంటూ తల ఎత్తడు. ఎనిమిది కౌంటర్లలో రెండే తెరిచి ఉంటాయి. బిల్లు వేసే ముందు ఫోన్ నంబర్ చెప్పమంటారు, చెప్పనంటే సిస్టమ్ తీసుకోదంటారు. కొన్నవాళ్లు నంబర్ ఇచ్చి తీరాలని పట్టుబట్టవద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలోనే చెప్పింది. మూడు రూపాయల చిల్లరకి మూడు చాక్లెట్లు చేతిలో పెడతారు. సంచికి విడిగా డబ్బు. ముందుగా చెప్పకుండా కౌంటర్ దగ్గర సంచికి వసూలు చేయడం అన్యాయమైన వ్యాపార పద్ధతి అని 2020 డిసెంబరులో జాతీయ వినియోగదారుల కమిషన్ తేల్చింది. డబ్బు కట్టి బయటికి వస్తుంటే గుమ్మం దగ్గర యూనిఫామ్ వేసుకున్న మనిషి బిల్లు లాక్కుని, సంచిలోకి తొంగి చూసి, పెన్నుతో గీత గీసి పంపిస్తాడు. డబ్బులు కట్టినవాళ్లని దొంగల్ని చూసినట్టు చూస్తాడు.

చేతిలో డబ్బున్నవాడికి ఇవన్నీ చిన్న చికాకులు. ఐదొందలు ఖర్చు పెట్టడానికి మూడు సార్లు ఆలోచించి వచ్చిన మనిషికి ఇది అవమానం. ‘పేదవాడికి రేటు కావాలి, గౌరవం ఎందుకు’ అన్న ధోరణి ఈ వాదన పొడవునా పారుతోంది. ఎవరూ పైకి అనరు, కానీ వరసలో నిలబెట్టే తీరులో, సంచి వెతికే తీరులో అది కనిపిస్తూనే ఉంటుంది. నాకు ఈ వాదన మీద ఇంత కోపం రావడానికి అసలు కారణం ఇదే. గౌరవం తక్కువ డబ్బున్న వాళ్లకే ఎక్కువ అవసరం. బయట బస్సులో, ఆఫీసులో, బ్యాంకులో అది వాళ్లకి ఎలాగూ దొరకడం లేదు. దొరికిన చోటిని వాళ్లు వదులుకోరు.

గోడ మీద వేలాడే ఆ బోర్డు కూడా తియ్యాలి. ‘ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’. 2020 జులైలో అమల్లోకి వచ్చిన కొత్త వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న సరుకు వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం అన్యాయమైన వ్యాపార పద్ధతే. బిల్లు మీద గడువు రాసి ఉంటే ఆ గడువులోగా, రాయకపోతే ముప్పై రోజుల్లోగా వెనక్కి తీసుకోవాలి. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఇబ్బందుల్లో ఉన్న మనిషి ఆ బోర్డు చూసి ఏమనుకుంటాడు? ఇక్కడ పొరపాటు చేస్తే ఆ భారం నాదే అనుకుంటాడు. వెంటనే పర్సు బిగుసుకుంటుంది. మార్పిడి సులువుగా చేసే కొట్టులో మనుషులు ధైర్యంగా కొంటారు. తిరిగి వచ్చే సరుకు వల్ల పోయే డబ్బు అందరికీ లెక్కలో కనిపిస్తుంది. ఆ బోర్డు చూసి కొనకుండా వెళ్లిపోయినవాళ్ల డబ్బు ఏ పద్దులోనూ పడదు. యజమానులు పొరబడేది ఇక్కడే.

బంగారం కొట్టు సంగతి చూస్తే ఈ వాదంలోని తప్పు ఇంకా బాగా బయటపడుతుంది. హాల్‌మార్క్ 2021 నుంచి దశలవారీగా తప్పనిసరైంది. 2023 ఏప్రిల్ నుంచి హాల్‌మార్క్ వేసిన ప్రతి నగ మీదా ఆరు అక్షరాల ప్రత్యేక గుర్తు ఉండాలి. స్వచ్ఛత విషయంలో ఇక అన్ని కొట్లూ ఒక్కటే. గ్రాము రేటు కూడా ఊళ్లో కొట్టు కొట్టుకీ పెద్దగా మారదు. రేటు ఒక్కటే చూస్తారన్నవాళ్ల లెక్కలో అప్పుడు జనం ఎక్కడ దగ్గరైతే అక్కడ కొనాలి. కానీ మన ఇళ్లల్లో ‘మా బంగారం కొట్టు’ అన్న మాట ఇప్పటికీ బతికే ఉంది. 2025 ఏప్రిల్‌లో పది గ్రాముల మేలిమి బంగారం లక్ష రూపాయలు దాటింది. అంత ధరకి కొత్తది కొనలేక చాలామంది పాత నగలు మార్చుకోవడానికి వెళ్లారు. పాత గొలుసు లోపలికి తీసుకెళ్లి కరిగించి ఇంత తూగింది అని చెప్పే కొట్టు ఒకటి, కళ్లెదుటే తూచి, రాళ్లు వేరు చేసి, కరిగించి, మళ్లీ తూచి, తరుగు ఎంత, మజూరీ ఎంత అని కాగితం మీద విడివిడిగా రాసిచ్చే కొట్టు ఇంకొకటి. బంగారం ఎంత ఖరీదైతే ఈ రెండో కొట్టు విలువ అంత పెరిగింది. ధర చుక్కలనంటిన రోజునే నమ్మకం అక్కరకు వచ్చింది.

పాయింట్ల కార్డుల గురించి రెండు మాటలే చాలు. ప్రతి గొలుసు కొట్టూ ఒక కార్డు ఇస్తుంది, ఒక యాప్ పెట్టుకోమంటుంది, పాయింట్లు గడువు తీరిపోతున్నాయని అర్ధరాత్రి మెసేజ్ పంపుతుంది. దాన్ని కస్టమర్ విధేయత అని పిలుచుకుంటుంది. ఒకే మనిషి పర్సులో నాలుగు పోటీ కొట్ల కార్డులు ఉంటాయి. ఆ నాలుగింటిలో ఏ ఒక్కటీ ఆ మనిషిని కట్టి ఉంచలేదు. పాయింట్లు కొనుక్కున్న విధేయత ఇంకొకడు ఎక్కువ పాయింట్లు ఇస్తే వెళ్లిపోతుంది.

అసలు విధేయత ఎక్కడ తేలుతుందో చూడండి. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు తగ్గాయి. సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టులు 18 శాతం నుంచి 5 శాతానికి వచ్చాయి, నెయ్యి, వెన్న 12 నుంచి 5కి. రాక్‌లో ఉన్నది పాత ఎమ్మార్పీ ముద్ర పడిన సరుకు. ఆ వారం ప్రతి కౌంటర్ దగ్గరా ఒకే ప్రశ్న, ‘పాత రేటా, కొత్త రేటా?’ ఆ ప్రశ్నకు కొట్లు చెప్పిన జవాబు తీరే ఎవరిని ఎవరు నమ్మాలో తేల్చేసింది. కొన్నిచోట్ల ‘సరుకు మీద ఉన్నదే రేటు, తీసుకుంటే తీసుకోండి’ అన్నారు. ఇంకొన్నిచోట్ల పాత ఎమ్మార్పీ పక్కనే కొత్త రేటు చీటీ అంటించి, బిల్లు మీద తగ్గింది చూపించి, అడక్కుండానే చెప్పారు. ఒక సబ్బు మీద తగ్గేది నాలుగైదు రూపాయలు కావచ్చు. ఆ నాలుగైదు రూపాయలు చెప్పకుండా ఉంచుకున్న కొట్టు రాబోయే సంవత్సరాల గిరాకీ పోగొట్టుకుంది.

ఈ పనులన్నీ చేసేది మనుషులు. రంగు దిగుతుందని చెప్పేది, తూచేది, కొత్త రేటు చీటీ అంటించేది. ఆ మనుషుల పరిస్థితి ఏమిటి? మన రెండు రాష్ట్రాల్లో ఏ పెద్ద బట్టల షోరూమ్‌కైనా వెళ్లి, అమ్మే అమ్మాయి కూర్చోవడానికి ఒక స్టూలు కనిపిస్తుందేమో వెతకండి. పొద్దున పదింటికి నిలబడితే రాత్రి తొమ్మిది దాకా నిలబడే ఉంటుంది. గిరాకీ లేని మధ్యాహ్నం కూడా గోడకి ఆనుకోకూడదు, పైన కెమెరా ఉంటుంది. బాత్రూమ్‌కి వెళ్లడానికి సూపర్‌వైజర్‌ని అడగాలి. కోళికోడ్ మిఠాయి వీధిలో ఇదే బాధపడ్డ సేల్స్‌గర్ల్స్‌ని పి. విజి అనే మహిళ కూడగట్టి ఏళ్ల తరబడి పోరాడింది. కేరళ 2018లో చట్టం మార్చి కూర్చునే హక్కు ఇచ్చింది. 2021లో తమిళనాడు కూడా అదే దారిలో చట్టం మార్చింది. కూర్చోవడానికి ఒక స్టూలు కోసం శాసనసభలు కదలాల్సి వచ్చిందంటే, మన వ్యాపారాల్లో ఆ పిల్లల్ని ఎంత లెక్కలేకుండా చూశామో ఆలోచించండి.

పదకొండు గంటలు నిలబడి, పాదాలు వాచి, జీతంలోంచి షార్టేజీ కోత పడుతుందన్న భయంతో ఉన్న పిల్ల యాభయ్యో చీర మడత విప్పి చూపించేటప్పుడు చిరాకు పడకుండా ఉండాలని అడిగే అధికారం మనకి ఎక్కడిది? కస్టమర్‌కి మర్యాద దక్కాలంటే ముందు అది కౌంటర్ వెనక నిలబడ్డ మనిషికి దక్కాలి. సంవత్సరానికి నాలుగు సార్లు సిబ్బంది మారిపోయే కొట్టులో ‘నీ పేరేంటి తల్లీ, మళ్లీ ఎప్పుడుంటావు’ అన్న ప్రశ్నకు జవాబు ఉండదు. శ్రావణంలో ఆవిడ వచ్చేసరికి ఆ పిల్ల ఇంకో కొట్టులో ఉంటుంది, ఆవిడ కూడా అక్కడికే వెళుతుంది.

ఇదంతా బాగానే ఉంది, ఖర్చు ఎవరు భరించాలి అని అడుగుతారు. పెద్ద గొలుసు కొట్ల సంగతి సరే, రోజుకి ఐదారు వేలు గల్లాలో పడే చిన్న దుకాణదారుడు స్టూళ్లు, శిక్షణ, మార్పిడి అంటే తట్టుకోగలడా? ఈ ప్రశ్న వేసేవాళ్లు చిన్న దుకాణదారుడిని గమనించలేదు. ఈ పనులు ఆయన ఎప్పటినుంచో చేస్తున్నాడు. ఎవరింట్లో ఎవరికి షుగరుందో, ఎవరు ఏ బియ్యం తింటారో ఆయనకి తెలుసు. బెల్లం పుచ్చిందంటే మారు మాట లేకుండా మారుస్తాడు. పది నిమిషాల్లో సరుకు గుమ్మంలో పెట్టే యాప్‌లు వచ్చి ఇన్నేళ్లయినా ఆయన ఇంకా కొట్టు తెరుస్తున్నాడంటే కారణం అదే. ఆ యాప్‌తో రేటులో పోటీ పడాలని చూసిన చోట ఆయన నష్టపోతాడు, నిలబడ్డ చోటల్లా ఈ పరిచయం మీదే నిలబడ్డాడు.

ఖర్చు ప్రశ్న అసలు అడగాల్సింది పెద్దవాళ్లని. పేపర్లో పూర్తి పేజీ ప్రకటనకి, సినిమా తారని తెచ్చి రిబ్బన్ కత్తిరించడానికి, వీధంతా ఫ్లెక్సీలు కట్టడానికి డబ్బు ఉంది. అంతకు ముందు రోజు రేటు పెంచి మర్నాడు 50 శాతం తగ్గించామని రాయడానికి తీరిక ఉంది. మూడో బిల్లింగ్ కౌంటర్‌లో ఒక మనిషిని కూర్చోబెట్టడానికి మాత్రం డబ్బు లేదు. వచ్చే ఆషాఢానికి ఎంత శాతం తగ్గింపు వేయాలా అని వ్యాపారుల సంఘాలు ఎలాగూ కూర్చుంటాయి. ఆ సమావేశంలోనే ఇంకో రెండు లెక్కలు కూడా బల్ల మీద పెట్టమని అడుగుతున్నాను. పోయిన ఏడాది మన కొట్టులో చేరి మానేసిన సేల్స్ పిల్లలు ఎంతమంది, వాళ్ల కోసం వచ్చి వాళ్లు కనబడక వెనుదిరిగిన ఖాతాదారులు ఎంతమంది. మొదటి లెక్క హాజరు పుస్తకంలో ఉంటుంది. రెండోది కావాలంటే ఆ పిల్లల్నే అడగాలి, వాళ్లకి ఒక్కొక్కరూ పేర్లతో సహా తెలుసు.